ఆరేదాకా

ముందు ఫ్యాన్ ఆపేయాలి.
మే నెల మధ్యాహ్నం. సముద్రం వైపు కిటికీ మూసి
సందుల్లో తడిగుడ్డ కుక్కుతుంది సన్యాసమ్మ.
అయినా హార్బర్ బొగ్గుపొడి వస్తూనే ఉంటుంది,
బల్లమీద వేలితో రాస్తే నల్లటి గీత.

స్పిరిట్ దీపం చుట్టూ జానెడు గాలి మాది.
మిగతా గదంతా కనపడని వాళ్లది.
చెమట కనుబొమ దాటి కంట్లోకి దిగుతుంది,
తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

లూపు మంటలో పెడితే తీగ ఎర్రబడుతుంది.
వెంటనే ముంచకూడదు.
వేడి తగిలితే చచ్చేది క్రిమి ఒక్కటే కాదు,
అది చెప్పబోయిన సంగతి కూడా.
చల్లారాలి. ఊపకూడదు, ఊదకూడదు.
కొత్త కుర్రాడు హేమసుందరం ఊదాడొకసారి.
మర్నాడు ప్లేటు నిండా వాడి నోరే మొలిచింది.
"ఏటి బావూ, నీ నోరంతా ఇక్కడే ఒగ్గీసినావు" అని
సన్యాసమ్మ పొద్దుగూకేదాకా నవ్వింది.

ఆమెకి అక్షరం రాదు.
ఆటోక్లేవు టేపు మీద నల్లబడ్డ చారలు చదువుతుంది.
ముల్లు పదిహేను తాకాకే ఆమె లెక్క మొదలు.
ఆవిరి పోయి గుడ్డ ఆరేదాకా
డ్రమ్ము ఎవర్నీ ముట్టనివ్వదు, సర్జన్ గారు కేకేసినా సరే.
"తడి వల మడతెడితే ఏటవుద్ది? కుళ్లిపోద్ది.
గుడ్డా అంతేనమ్మా."
జాలారిపేట ఆవిడది. ఈ ముక్కే పుస్తకంలో
రెండు పేజీలు చదివి నేను మర్చిపోయాను.

మర్చిపోయాననే చెప్పాలి.
డిసెంబరు రాత్రి, పిల్లల వార్డు.
పేరింకా పెట్టలేదు, చేతి పట్టీ మీద
బేబీ ఆఫ్ అప్పలనరసమ్మ.
స్పిరిట్ తుడిచాను. నరం దొరకలేదు.
గ్లవ్ చివర చింపి, తుడిచిన చోటే
వేలితో మళ్లీ తడిమాను. ఒక్కసారే.
తడి ఆరకముందే సూది.

రెండో రోజు బాటిల్ మసకబారింది.
మైక్రోస్కోపు కింద ఊదారంగు ద్రాక్షగుత్తులు,
మన చర్మం మీద కాపురముండే వాళ్లే.
నీ వేలి మీద వాళ్లేనని ఎవరూ అనలేదు.
నేనూ అనలేదు.
పది రోజులు ఆ బుల్లి చేతిలోకి మందు ఎక్కింది,
బహుశా లేని జబ్బుకి.
వెళ్లేరోజు తల్లి తేగల కట్ట తెచ్చిచ్చింది.
"మీ చేతి చలవ తల్లీ" అంది.
ఇంటికి తీసుకెళ్లాను. తినలేదు, పారెయ్యలేదు.
పీచుగా ఎండిపోయి చాన్నాళ్లు అటక మీదే ఉన్నాయి.

ఇప్పుడు పిల్లలకి నేర్పుతాను.
తుడిచాక ముప్పై లెక్కపెట్టండి. ముట్టొద్దు.
"ఇరవై చాలదా మేడమ్?" అంటుంది ఒకమ్మాయి.
పసివాడు గుక్కపట్టాడు. బయటెక్కడో ఓడ కూత.
సూది పట్టిన చెయ్యి ముందుకొస్తుంది.

ఆగమంటాను.
చూడు, ఇంకా మెరుస్తోంది.