జానెడు నీళ్లు

పూల్ రేవు చూడ్డానికి సముద్రమంత ఉంటుంది.
దిగితే చాలాచోట్ల మొలలోతు.
ఈ సంగతి నాకు రెండేళ్లు తెలీలేదు,
బస్సు కిటికీలోంచే చూసేదాన్ని.

పడవ పేరు డాబ్‌చిక్. అంటే మన బుడుబుంగే.
తొమ్మిదడుగులు, రెండు తెడ్లు, ఒక అతుకు.
అమ్మిన స్టిక్లండ్ గారికి ఎనభై దాటాయి,
డబ్బు లెక్కపెట్టుకోకుండానే కోటు జేబులో కుక్కుకుని
మడతల దగ్గర చిరిగిన నీటిపటం ఒకటి ఇచ్చింది.
బురదదిబ్బలకి పెన్సిలుతో తనే పేర్లు రాసుకుంది:
అత్తగారి వీపు. తడిసిన దుప్పటి.
ఒకచోట ఉత్తినే, "ఇక్కడ కాదు."
ఏంటండీ ఇది, అన్నాను.
వెళ్తే తెలుస్తుంది, అంది.

ఆస్పత్రిలో నా పని
చీకటి గదిలో శబ్దం పంపి
ఒంటి లోపలి నీళ్లు కొలవడం.
పన్నెండు మిల్లీమీటర్లు. పద్నాలుగు.
తల్లులు నా మొహం చూస్తారు, నేను తెర చూస్తాను.
ఇక్కడ నా దగ్గరున్నది వెదురుగెడ,
తోటసామాన్ల కొట్లో కొన్నది.
గోళ్లరంగుతో గీతలు పెట్టుకున్నాను:
చీలమండ, మోకాలు, మొల.
అంతకు మించి అవసరం రాదన్నారు.

ఆదివారం హామ్‌వర్దీ ఒడ్డు నుంచి
పోటు మొదలైందనుకుని బయల్దేరాను.
పట్టికలో వేసవిగంట కలపడం మరిచాను.
ఆటు ఇంకా తీస్తూనే ఉంది.
కర్రగుర్తుల మధ్య మోకాలు, మోకాలు, చీలమండ,
తర్వాత అడుగున ఎవరో అరచెయ్యి పెట్టి ఆపినట్టు
మెత్తగా.

పటం చూశాను. ఇక్కడ కాదు.

ఒడ్డున కుక్కతో నడుస్తున్నాయన
బాగానే ఉన్నావా అని అరిచాడు.
కూర్చున్నాను, అని అరిచాను.
దిగకు, అన్నాడు. కుక్క కూడా అదే అంది.

నీళ్లు పోయిన పర్ర ఊరికే ఉండదు.
ఎసట్లో బియ్యం ఉడుకు పట్టినట్టు
కనుచూపు మేరా చిటపట, చిటపట.
వంకరముక్కు పిట్ట ఒకటి నింపాదిగా వచ్చి
నా గెడ దిగిన గుంటలోనే ముక్కు దించింది.
దాని ముక్కు మీద గీతల్లేవు.
దానికి పురుగు దొరికింది.

శుక్రవారం, మూడోగదిలో, ఆకుపచ్చ సాక్సులమ్మాయి.
తెర మీద అంతా ఉంది, కదలడం లేదు.
ఒక్క నిమిషం, డాక్టరుగారు వస్తారు, అన్నాను.
పదకొండు నిమిషాలు పట్టింది.
చెయ్యి పట్టుకోవచ్చు. పట్టుకోలేదు.
జెల్లు తుడిచే కాగితాలు సర్దాను,
సర్దినవే మళ్లీ సర్దాను.

పడవలోనూ సర్దడానికి ఏమీ లేదు.
తాడు చుట్ట విప్పి మళ్లీ చుట్టాను.

నీళ్లు తిరిగి వచ్చేటప్పుడు చప్పుడు చెయ్యవు.
నత్తగుల్ల కింద నీడ ఒకటి తడిగా మారింది, అంతే.
తర్వాత జానెడు.
బుడుబుంగ ఒళ్లు విరుచుకుని
ఏమీ జరగనట్టు తేలింది.

ఫ్రూమ్ నది మొగలో రెల్లు రెండువైపులా దగ్గరకొచ్చింది.
మలుపు మలుపుకీ వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను:
ఉప్పు, ఉప్పు, ఉప్పు చాలని పులుసు,
చప్పన.
ఈ రేవులో పోటు రెండుసార్లొస్తుందట,
తాళంచెవి మరిచి వెనక్కొచ్చిన మనిషిలా.
నా వెనకాల వస్తున్నది మొదటిదో రెండోదో
అడగడానికి ఎవరూ లేరు.
ఒక జింక తలెత్తి చూసి
మళ్లీ తన పనిలో పడింది.

వేరమ్ రేవుమెట్ల దగ్గర
కాగితం గ్లాసుల్లో టీ తాగుతున్న జనం
తాడు అందుకున్నారు, ఎక్కణ్ణుంచి అనడిగారు.
చెప్పడానికి నోరు తెరిచి,
ఊరికే, అలవాటు కొద్దీ
గెడ దించాను.

మొలగీత మునిగింది.
ఇంకా దిగుతోంది, నా మణికట్టు దాకా.

గోళ్లరంగు సీసా ఇంట్లోనే ఉండిపోయింది.