తలాపున రెండు బండలు

ఏడురోడ్లకు కొంచెం ఇవతల
పాత చెప్పులంగడి పక్కన
పన్నెండేండ్లుగా పెనం కాలుస్తాండా.
కారం దోసె తినేటోళ్ళు
కండ్లెంట నీళ్ళు తుడుచుకుంటానే
ఇంకోటి ఎయ్యమంటారు.
ఎండుమిరపకాయ, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, రాళ్ళుప్పు:
ఆ నూరుడు నాది.
నాలిక మీద ఏసుకోకుండా
ఏ పొద్దూ గిన్నె బండెక్కలా.

రాత్రి పదకొండున్నరకు
మిగిలిన పిండితో రెండు దోసెలు పోసుకోని,
పారేస్తే పాపమని
గిన్నె అడుగు కారమంతా ఊడ్చుకోని తిని,
కాళ్ళు కడుక్కోని పండుకుంటే
ఆర్పొచ్చిన పెనం
నా ఎదరొమ్ములో మళ్ళా అంటుకునేది.
గొంతులోకి పుల్లగా ఏందో ఎగదన్నేది.
లేచి గోడకు ఆనుకుంటే దిగుతాది,
వాలితే ఎక్కుతాది,
వంకనీళ్ళ మాదిరి ఎత్తూ పల్లం చూసుకోని.
ఆ ఎత్తూ పల్లంలోనే మందుందని
నాకేం తెలుసు?

ఒక రాత్రి ఇది గుండే అనుకున్నా.
ఖాసీం చెప్పులు గూడా ఏసుకోకుండా
ఆటో కోసరం పరిగెత్తినాడు.
రిమ్స్‌లో తీగలంటించి కాయితం తీసినారు.
డాక్టరమ్మ చిన్నపిల్ల,
కండ్ల కింద నిద్ర లేని నలుపు.
"గుండె బాగుందమ్మా.
నువ్వు ఎన్ని గంటలకు తింటావు?"

ఊరంతటినీ తిన్నారా అని అడిగిన దాన్ని,
నన్ను అడిగింది ఆ పాపే మొదలు.

పదైదు దినాలకు మాత్రలిచ్చి
మిగతాది నీ చేతిలోనే ఉందనింది.
నా చేతిలో గరిటె తప్ప
ఎప్పుడేముండాది గనక.

ఇప్పుడు ఏడు కొట్టంగానే
గిరాకీ ముసురుకోక ముందే
బండెనక స్టూలేసుకోని తింటా.
ఒక జొన్నరొట్టె, కొంచెం సొరకాయ కూర.
"కారం దోసెల దస్తగిరమ్మ
సొరకాయ తింటాదంటబ్బా!" అని
సోడాబండి నబీసాబు నవ్వతాడు.
నవ్వనీ.
నేను సోడా మానుకున్న కోపముండదా వానికి?

రుచి చూసే పని
మా చెల్లెలి కూతురు గౌసియాకు అప్పజెప్పినా.
మొదటి దినమే ఉప్పు మరిచిపోయింది.
దూరం నుంచి వాసన చూసి చెప్పినా.
ముక్కుకు మంట లేదు కదా.

నడుముకు నాడా వదులు చేసినా.
బిగువు తగ్గితే మర్యాద తగ్గుతాదనేది మాయమ్మ.
ఆయమ్మకూ రాత్రిళ్ళు ఇట్లే మండేదేమో,
ఏ పొద్దూ చెప్పలా.

అంతా సరిగ్గా జరిగిందని కాదు.
మైదుకూరు పెండ్లిలో బిర్యానీ వాసనకు ఆగలేక
రెండుసార్లు పెట్టించుకున్నా.
ఆ రాత్రి తెల్లార్లూ నేనూ గోడా
ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం.

ఖాసీం బండల ఫ్యాక్టరీ నుంచి
పాలిషు పట్టని నాపముక్కలు రెండు మోసుకొచ్చి
తల దిక్కు మంచంకోళ్ళ కింద పెట్టినాడు.
"తలాపున రాయి సమాధికి కదప్పా పెట్టేది?"
"ఇది బతికేదానికి," అన్నాడు.
అంతకంటే ఆయప్ప నోట మాట రాదు.
కోత మిషన్ కాడ చెవులు మందమైనోడు,
మాటలు గూడా ఆన్నే పోగొట్టుకున్నాడు.

ఎడంపక్కకు తిరిగి పండుకోమని గదా డాక్టరమ్మ చెప్పింది.
నా ఎడంపక్క ఖాసీం.
ఒంటికి పట్టిన మిరప ఘాటు
ఆయప్ప ముక్కుకు తగలకూడదని
పన్నెండేండ్లు కుడికి, గోడ దిక్కే తిరిగి పండుకున్నా.
ఇప్పుడు తిరిగి చూస్తే
కనుబొమల్లో రాతిపిండి,
నీళ్ళు పోసుకున్నా పోనిది.
నాకు మంటయితే
ఆయప్పకు దుమ్ము.

మంచం వాలుకు
తెల్లారేసరికి ఇద్దరం జారి
కాళ్ళ దిక్కున చేరింటాం,
పిండిగిన్నెలో అడుగుకు దిగిన మెంతుల మాదిరి.
సగం నిద్రలో అడుగుతాడు:
"మండుతాందా?"

"లేదు" అంటా.
వినపడదని
ఇంకోసారి, గట్టిగా:
"లేదు!"