కాంటా చీటీలో లేని పేరు

ఎనుమాముల యార్డుల రాత్రి పదకొండు.
మక్కల కుప్పల మీద టార్పాలిన్లు గుంజి
రైతులు చెప్పులు తలకింద పెట్టుకొని పన్నరు.
మిర్చి ఘాటుకు ఎవరో నిద్రలనే తుమ్మిండు.

కాంటా గదిల చీటీలు రాస్తున్న.
హమాలీ, దడ్వాయి, కమీషను, చాట కూలి
అన్నిటికీ గడి ఉన్నది.
బస్తాల మీంచి చప్పుడు లేకుండ నడిచే దీనికి లేదు.

బూడిద రంగు. ఎడమ చెవి కొస తెగింది.
ఎవరిదని అడిగితే
సాంబలక్ష్మి చీపురు ఆపి
"గింజలది" అన్నది.

ఎద్దుకు ముకుతాడేసినం. మేకకు పలుపు.
కుక్కకు బొక్క చూపి పిలిచినం.
దీన్ని ఎవడు పిలిచిండు?

ఎక్కడనో, ఇంకా పేరు పెట్టని ఊర్ల
మొదటి గుమ్మి నిండిన ఏడు
ఆ సంగతి ఎలుకకు తెలిసింది.
ఎలుకకు తెలిసిందని దీనికి తెలిసింది.
గుమ్మి కింది చీకట్ల రెండు మిణుకులు.
చాట పట్టుకున్న ఆడామె చూసింది.
కాళ్లకాడ రాయి ఉన్నది.
వంగలేదు.

ఒప్పందమంటే ఆ వంగకపోవుడే.
పిల్లికి ఎలుక సాక్ష్యమంటరు గని
ఆ పూట సాక్షి బతకలేదు.

ఇగ గింజ ఎటు పోతే అటు.
బండ్ల మీది గడ్డిల, ఓడల గోతాల సందున,
ఏ సరుకు లెక్కల ఎక్కకుండ
సముద్రాలు దాటింది.
నమ్మబుద్ధి కాకపోతే, నిరుడు
జమ్మికుంట నుంచొచ్చిన మక్కల లారీల
కండ్లు తెరవని కూనలు నాలుగు.
డ్రైవర్ ఓదెలు తల గోక్కున్నడు.
రెండు పరకాల మిల్లుకు పోయినయ్.
ఒకటి చచ్చింది.
ఒకటి ఇదిగో, నా లెక్కల పుస్తకం మీద
కాళ్లు ముడుచుకొని కూసున్నది.

తెల్లారి ఇది ఎదురొస్తే
సేటు రెండడుగులు ఎన్కకు పోయి, నిలబడి, నీళ్లు తాగి
మళ్లా బయలెల్లుతడు
దీని కాపలాల నిలిచిన సరుకు కొనెతందుకే.

ఎలుకలు తిన్నదాన్ని
తరుగు కింద రైతు పేర కోస్తం.
అవి తిననిది
ఎవరి పేర జమ రాయాలె?

కలం పట్టుకొని ఊకె కూసున్న.
బయట సాంబలక్ష్మి, రాలిన గింజల కోసం
గబుక్కున వంగింది.
మూలకున్న కుక్కలు లేచి ఉరికినయ్.
ఇది మాత్రం
తోక సుత కదపలేదు.