పొయ్యి పక్క కట్టెలు

రౌమా రేవులో మంచు ఇంకా విరగని ఫిబ్రవరి.
చేపల సంచిలో లాప్‌టాప్ పెట్టుకుని
నా నేలమాళిగ మెట్లు దిగింది ఔనె సల్మేలా.
"చెడిపోలేదు. ఆలోచిస్తోంది, అంతే" అంది.

చెవి ఆనించి విన్నాను.
పళ్లెం తిరుగుతోంది, సూది వెతుకుతోంది,
చీకట్లో తాళాల గుత్తి తడుముకునే
ముసలి కాపలావాడిలా.

లినక్స్ ఎక్కించింది నేనే, తప్పు దానిది కాదు.
కొత్త డిస్కు ధర చెబితే నవ్వింది.
సొరుగులో గోరంత చిప్ ఒకటి పడుంది,
ఇరవై నాలుగు గిగాబైట్లు, దేనికీ చాలదు.
కానీ కొట్టం నిండా కట్టెలున్నా
రాత్రికి కావలసినవి
పొయ్యి పక్కన నాలుగేగా.

"రోజూ తాకేవి ఇది దగ్గర పెట్టుకుంటుంది."
"ఏవి తాకుతానో దానికెలా తెలుసు?"
"చూస్తుంటుంది."
సంచి పట్టీ సర్దుకుంది ఔనె.

నల్లటి తెర మీద తెల్లటి ఆజ్ఞలు.
ఒక్క చోట ఆగి అడిగాను:
రాసింది చిప్‌లో ఉంచి, సరేననేసి,
తీరిగ్గా డిస్కుకి చేర్చమననా?
వేగమే, కానీ చిప్ చచ్చిందా, మాటా పోయినట్టే.
లేక రెండు చోట్లా రాశాకే సరే అనమననా?
"రెండోది.
నలభై ఏళ్లు రేవు కచేరీలో రసీదులు రాశాను నేను."

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది.
"దీన్ని తిరిగి నెమ్మది చెయ్యగలవా?"

రాత్రి రాత్రీ ఒకే ఉత్తరం తెరుస్తుందట,
అఖాతం అవతల, ఉమియోలో ఉన్న చెల్లెలికి.
పడవ వాటా తగువు, పంతొమ్మిదేళ్లు.
అది తెరుచుకునే లోపు కాఫీ చల్లారేది,
కోపం తిరిగొచ్చేది,
మూత మూసేసేది.
"ఇప్పుడు వేలు ఎత్తకముందే
'హిల్కా' అని ఎదురుగా నిలబడుతోంది."

చిప్‌కి చదవడం రాదు.
ఏ తలుపు ఎన్నిసార్లు తట్టామో
అదొక్కటే లెక్క దానికి.
తీసెయ్యడానికి ఒక్క ఆజ్ఞ చాలు.
సగం కొట్టి, ఆమె వైపు చూశాను.

మీట మీద నా చెయ్యి,
కిటికీ మీద ఆమె చూపు.
బయట మంచును కోసే ఓడ ఏదో మూలిగింది.

"ఉండనీ" అంది.
కాసేపాగి,
"నీ దగ్గర ప్రింటర్ ఉందా?"

"ఉంది. కాకపోతే పాతది.
వేడెక్కడానికి నాలుగు నిమిషాలు."

చేపల సంచి ఒళ్లో పెట్టుకుని
కుర్చీ అంచున కూర్చుంది.