సొట్ట

బంగారుపాళెం దాటినాక
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మూడో నంబరు ట్యాంకు
తెల్లారేసరికి
రసం పీల్చి పారేసిన నాటుకాయలా పడుంది.

పేలలేదు. మంటా లేదు, పొగా లేదు.
ఆవిరితో కడిగి మూత బిగించారు, అంతే.
లోపలి ఆవిరి చల్లారి గుక్కెడు నీళ్లయితే
మిగిలిన ఖాళీని
బయటి గాలి, రోజూ మనం పీల్చే ఈ గాలే,
అరచేతులు ఆనించి నొక్కేసింది.

ఆ రాత్రి డ్యూటీ చెంగల్రాయుడిది. ఇరవై రెండేళ్లు.
గాలి వాల్వు తెరవలేదని పేరు రాసేసుకున్నారు.
ఆ పేరు కింద సంతకం పెట్టడానికి
తిరుపతి నుంచి నన్ను పిలిచారు.

గేజీ కాగితం మీద ముల్లు గీసిన గీత చూశాను.
వాల్వు తెరిచే ఉంది. గాలి లోపలికి వస్తూనే ఉంది.
ఒత్తిడి కొంచెమే.
మరెందుకు?

భవానీనగర్‌లో నా అద్దెగదిలో
ట్యాంకును మళ్లీ కట్టాను.
నాలుగు మిల్లీమీటర్ల రేకు
పద్దెనిమిది వేల గళ్లు.
పుస్తకాల్లో దీన్ని ఫైనైట్ ఎలిమెంట్ అంటారు.
నాకు మాత్రం ఇది గోడకు గోడ ఆనుకున్న వీధి:
నువ్వెంత జరిగితే నేనంత,
నీ మూల కదిలితే నా మూల కదులుతుంది.
అన్ని ఇళ్ల మాటలూ కలిపి
ఒకే లెక్కగా పేర్చితే
కంప్యూటర్ ఫ్యాను రాత్రంతా రొప్పుతుంది.

బక్లింగ్ అంటే విరగడం కాదు.
ఇనుములో సత్తువ ఇంకా ఉంటుంది.
ఉన్నట్టుండి దానికి తెలుస్తుంది,
గుండ్రంగా ఉండడమొక్కటే దారి కాదని.
ఆ క్షణానికో అంకె ఉంది:
ఒకటి దాటి వస్తే నిలుస్తుంది,
ఒకటికి దిగితే లేదు.

నాకు ఒకటిన్నర వచ్చింది.
చుట్టూ అయిదు అలలు, ముగ్గు పెట్టినంత సమంగా.
మూడుసార్లు నడిపాను. మూడుసార్లూ నిలిచింది.
షెడ్డు బయట అసలుది మాత్రం
ముడుచుకుని పడే ఉంది.

ఫిట్టరు దొరసామి తెర వైపు వంగి చూశాడు.
"మీ బొమ్మ శానా నున్నంగా ఉండాది మేడమ్.
మా ట్యాంకు అంత సక్కనిది కాదు.
పోయిన సీజన్లో ఫోర్క్‌లిఫ్ట్ గుద్దింది, నిచ్చెన కాడ.
సుత్తితో తట్టి పాలిష్ పట్టిచ్చి
సరిపాయ అన్న్యారు."

ఎంత లోతు?

టూల్ బాక్సులో నట్లూ బోల్టులూ కెలికి
ఒక చీపురుపుల్ల ముక్క తీశాడు.
ఆ రోజు సొట్టకు అడ్డంగా దారం పట్టి,
కొలిచి,
అక్కడికి విరిచి దాచుకున్నాడట.
ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని.

పదకొండు మిల్లీమీటర్లు.

నిచ్చెన పక్కన కొన్ని గళ్లను
అంతే లోపలికి తోశాను.
పద్దెనిమిది వేలలో ముప్పై ఆరు.
సున్నా పాయింటు ఎనిమిది.
అయిదు అలలూ చెదిరి ఒకే పక్కకి చేరాయి,
మూడు మడతలు, లోతుగా,
ఫోటోలో ఉన్నవే, ఉన్నచోటే.

తప్పు లేని ట్యాంకుకు కట్టిన లెక్క
తప్పు లేని మనిషి మీద పడింది.
ఇది రిపోర్టులో రాయలేదు.
రాసింది అంకెలే.
పద్నాలుగో పేజీకి సెల్లోటేపుతో పుల్ల అంటించాను.
మేనేజరు దాన్ని గోటితో గీకి చూసి
"దీన్ని ఆధారం అంటారా?" అన్నాడు.
అంటాను, అన్నాను.

చెంగల్రాయుడు ఇప్పుడు చిత్తూరు మార్కెట్ యార్డులో
తోతాపురి లారీలు దించుతున్నాడట.
పిలుపు ఇంకా రాలేదు.

నేను బస్సు కోసం నిలబడి ఉంటే
దొరసామి మిగిలిన ట్యాంకుల వెంట
వేలి కణుపులతో తట్టుకుంటూ పోతున్నాడు.
ఒకటి. రెండు.
మూడో దాని ఖాళీ దాటాడు.
నాలుగు దగ్గర ఆగి
చెవి ఆనించి
మళ్లీ తట్టాడు.