గంతలు

శనివారం, ఆరున్నర. అల్ ఐన్ మీద పొగమంచు
ఇంకా కంబళి తీయలేదు.
నా విమానం, అంటే సగం నాది,
మిగతా సగం పళ్ళ డాక్టరు రెహ్మతుల్లాది,
నాకంటే రెండేళ్ళు పెద్దది,
తడిసిన రెక్కలతో షెడ్డు బయట ఉంది.
అడుగున నీళ్ళు చేరాయేమోనని
నీలం పెట్రోలు సీసాలోకి వంచి వెలుతురుకి పట్టాను.

మంచు విడేదాకా రెండు గంటలు ఆగాం.
విడిపోయి, ఆకాశం కడిగినట్టయ్యాక
నస్రా నా నుదుటికి ప్లాస్టిక్ గంత తగిలించి
ఇక బయటికి చూడకు, అంది.
నవ్వొచ్చింది.

కింద ఎక్కడో జబల్ హఫీత్, ఒంటెల సంత,
నేను మత్తిచ్చే ఆసుపత్రి.
నాకు కనిపించేవి ఆరు డయళ్ళే.
మొదట దర్జాగానే నడిపాను. సూదులూ అంకెలూ నాకు కొత్తా?
ఇరవై ఏళ్ళుగా మనుషుల్ని నిద్రలోకి దించి
పక్కన కూచుని పచ్చగీతలు చదువుతున్నదాన్ని.

అంతలో చెవి మాట్లాడింది.
ఎడమకి ఒరుగుతున్నావంది. ఒట్టేసి మరీ చెప్పింది.
మెడా నడుమూ కడుపూ వంత పాడాయి.
సూది మాత్రం తొణకలేదు.
నేను కుడికి తిప్పాను.
ఎక్కడికి, డాక్టర్? అంది నస్రా.

మానిటర్ని కాదు, మనిషిని చూడమని
ఎంతమంది కుర్ర డాక్టర్లని కసిరానో!
గీత బాగున్నా గోళ్ళు నీలమైతే
గోళ్ళనే నమ్మమన్నాను.
ఇక్కడ ఆ మనిషిని నేనే.
నన్నే నమ్మకూడదు.

తర్వాత ఒక బీకన్ చుట్టూ
నాలుగేసి నిమిషాల చుట్లు.
గానుగెద్దుకి కనీసం నువ్వుల వాసన వస్తుంది.
నాకు పాత సీటు తోలు, నా చెమట.

మూడో చుట్టులో ఆమె చెయ్యి చాపి
దిగంతం చూపే డయలు మీద రబ్బరు బిళ్ళ అంటించింది.
ఇది చచ్చిపోయిందనుకో.
పోయిన నెలే పంపు మార్పించాను, అన్నాను,
ఐదువేల దిర్హాములు, బిల్లు సంచీలోనే ఉంది.
సూదికి బిల్లు చదవడం రాదు, అంది.

మిగిలినవాటితో పంచాయితీ పెట్టాను.
ఎత్తు తగ్గుతోందని ఒకటి, వేగం పెరుగుతోందని ఒకటి,
మలుపు సూది గుంజాటన, దిక్సూచి అయితే తాగినట్టు.
సర్దేకొద్దీ జారుతోంది.
అప్పుడు కంటికి ఆనాయి, పిడి మీద నా గోళ్ళు.
పాలిపోయి ఉన్నాయి.
ఆ రంగు నాకు తెలుసు.
పట్టు వదిలాను, రెండు వేళ్ళు మాత్రం ఉంచి.
ముసలిది ఒక్కసారి కులికి
తనంతట తాను కుదురుకుంది.

నేలకి మూడొందల అడుగుల మీద
గంత తియ్యి, అంది నస్రా.
రన్‌వే ఉంది. ఎదురుగా కాదు,
కాస్త కుడికి.

దిగాక రెహ్మతుల్లాకి ఫోన్ చేశాను:
ముందు టైరు అరిగింది. సగం నీది.