హిండ్రిక్ లేచి నిలబడ్డాడు

నా ఉద్యోగం రబ్బరు.
టార్టు గ్రంథాలయం నేలమాళిగలో, ఆవిరి గొట్టం పక్కన కూర్చుని
తిరిగొచ్చిన పుస్తకాల్లో పెన్సిల్ గీతలు చెరపడం.
పరీక్షల ముందు కుర్రాళ్ళ గీతలు,
ఎవరో ఎవరికో రాసుకున్న టెలిఫోన్ నంబర్లు,
ఒకసారి బీట్‌రూట్ సూప్ కొలతలు.
సాయంత్రానికి నా ఒడినిండా
నల్లటి రబ్బరు పొట్టు.

ఆ నవల మా దగ్గర తొమ్మిది ప్రతులు.
పాతది. బళ్ళో అందరం చదివిందే,
అంటే, చదివామని చెప్పుకున్నదే.
కరువు ఏడాది మిల్లులో ధాన్యం తూచిన
హిండ్రిక్ కథ.
తక్కెడ మీద బొటనవేలు
నొక్కీ నొక్కనట్టు ఆనించేవాడు.
ఊరు సన్నబడింది, అతని గాదె బలిసింది.
గుమ్మడికాయల దొంగంటే
భుజాలు తడుముకునే బాపతు కాదు.
పెళ్ళాన్ని ప్రేమించేవాడు,
కుక్కకు తన కంచంలోంచే పెట్టేవాడు.
అదే నన్ను బళ్ళో విసిగించింది:
చెడ్డవాడైతే చెడ్డవాడిలా ఉండొచ్చు కదా.

చివరి పేజీ. చలికాలం, చర్చి నిండా జనం.
"హిండ్రిక్ లేచి నిలబడ్డాడు."
అయిపోయింది.
ఎందుకు లేచాడు, అని అడిగింది మా పంతులమ్మ.
కాళ్ళు తిమ్మిరెక్కాయేమో అన్నాను.
క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు,
జవాబూ చెప్పలేదు.

ఈ ఫిబ్రవరిలో ఒక ప్రతిలో
ఆ వాక్యం కింద, అచ్చంత చిన్న అక్షరాల్లో, పెన్సిల్:
"తక్కెడలో తప్పు లేదు, అన్నాడు.
తప్పు నా వేలిది. ఇదిగో, ఈ వేలు."
చెరపబోయిన చెయ్యి ఆగింది.
మిగతా ప్రతులు దించాను.
ఇంకో ఆరింట్లో అదే మాట, అదే చేతిరాత.
రెండింట్లో మాత్రం
కాగితం మీద బూడిదరంగు మసక.

అట్ట లోపల, ధర కింద, ఒక పేరు:
ప్రూఫులు, హెల్వే పిహ్లక్.

గురువారాల్లో వచ్చే ముసలావిడే.
పుట్టగొడుగు రంగు కోటు.
మంచు మీద జారకుండా బూట్లకు కట్టుకున్న ఇనుపముళ్ళు విప్పి
రేడియేటర్ మీద ఆరబెట్టుకునేది.
అడిగితే దాచలేదు.

"పైనుంచి కాగితం వచ్చింది. ఒప్పుకోలు వద్దట,
అందులోనూ చర్చిలో.
ఎర్ర పెన్సిల్ నా చేతిలో ఉంది.
కొట్టేసే గుర్తు చూశావుగా, కొక్కెంలా ఉంటుంది.
ఒక్క కొక్కెం.
నా జీతం ఆగలేదు,
మా ఆయన ఊపిరితిత్తుల మందు ఆగలేదు.
ముప్పై వేల ప్రతులు.
ముప్పై వేల చర్చిల్లో ఆ మనిషి
నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.
కూర్చోలేడు. చెప్పలేడు.
రాత్రి మంచినీళ్ళకి లేస్తే
మా వంటింట్లోనూ నిలబడే ఉండేవాడు.
తన మూట తను మోసుకెళ్ళి దించుకోబోతే
గుమ్మంలో కాలు అడ్డం పెట్టాను నేను."

గొంతులో తడి లేదు. ఏళ్ళ తరబడి
అచ్చుతప్పులు చదివిన గొంతు.

పుస్తకాల్లో మనుషులకి ఆ సుఖముంది అనుకున్నాను.
ఎంత నీచుడికైనా ఎవరో ఒకరు
చివరి పేజీలో ఒక నిజం రాసిపెడతారు.
మనం ఎవరికి వాళ్ళం రాసుకోవాలి,
అదీ పెన్సిల్‌తో.

ఆవిడ ప్రతులు లెక్కపెట్టింది, తడి వేలితో.
మళ్ళీ లెక్కపెట్టింది.
"తొమ్మిదింట్లో రాశానే."

చదివేవాళ్ళెవరో చెరిపి ఉంటారు అనొచ్చు.
నోటిదాకా వచ్చింది కూడా.
గొట్టంలో ఆవిరి కటకటమంది.
కుర్చీ నేలమీద గీరుకున్న చప్పుడు.
నాదే.

"రెండు," అన్నాను. "చదవకుండానే."

హెల్వే కళ్ళజోడు తుడుచుకుంది.
చేతిసంచి అడుగున తడిమి తడిమి
గోరంత మిగిలిన పెన్సిల్ ముక్క తీసి,
"అవెక్కడ?" అంది.